బోన్ ఊళ్ళో ఒక్కచోట నిలబడు

అమ్మాయ్,

ఆశీస్సులు. ఫ్రాన్సులోని బోన్ ఊరి మీద నీ యాత్రావ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ మీది ఇష్టం కొద్దీ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. నాలుగు పేజీల్లో పదకొండు చోట్లు చూపించావు, తొమ్మిదిసార్లు "అద్భుతం" అన్నావు. లెక్కపెట్టాను, ఏమీ అనుకోకు. కానీ ఒక్కచోట కూడా నన్ను కాసేపు నిలబెట్టలేదు.

ముందు ఒక దిద్దుబాటు. "ఒటెల్-ద్యూ అనే పాతకాలపు హోటల్" అని రాశావు. అది హోటల్ కాదమ్మా, ఆసుపత్రి. ఆ మాటకి దేవుడి ఇల్లు అని అర్థం. ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో పాత ధర్మాసుపత్రిని అలాగే పిలిచేవారు. ఆ ప్రాంతాన్ని ఏలిన బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా, అంటే ప్రధానమంత్రిలా ఉన్న నికొలా రొలాఁ, అతని భార్య గిగోన్ కలిసి 1443లో దీన్ని స్థాపించారు. మొదటి రోగిని 1452 జనవరి 1న చేర్చుకున్నారు. 1971 దాకా అది ఆసుపత్రిగానే నడిచింది. నువ్వు టికెట్ కొనుక్కుని చూసిన "మ్యూజియం" వయసు ఇంకా అరవై కూడా లేదు.

నిన్ను అంటున్నానుగానీ నేనేం తక్కువ తినలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు టూర్ బస్సువాళ్ళు నలభై నిమిషాలు ఇచ్చారు. ఆ రంగుల పైకప్పు చూసి మతిపోయి, "ఆరువందల ఏళ్ళుగా ఎండావానలకు చెదరని పెంకులు" అని రాసి అచ్చువేయించుకున్నాను. ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు. ఆ పెంకులు 1902-1907 మధ్య కొత్తగా వేసినవట. ఇల్లు పాతదే, పెంకులు కొత్తవి. పుస్తకాలు తిరగేస్తే ఆయన చెప్పిందే నిజమని తేలింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అందుకే చెబుతున్నా, "చెదరని" లాంటి మాట పెన్ను చివరికి వచ్చిందంటే ఒక నిమిషం ఆగు.

ఆ పైకప్పు గురించి నీ వాక్యం ఒకటి మాత్రం కొట్టెయ్యొద్దు: "వీధిలోంచి చూస్తే ఏమీ లేదు." అక్కడే ఉంది వ్యాసమంతా. వీధివైపు నల్లటి పలకరాతి కప్పు, సాదా గోడ, దాటిపోయేలా ఉంటుంది. గుమ్మం దాటి లోపలి పెరట్లోకి వస్తేనే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమరంగు పెంకులు. రొలాఁ ఎందుకలా కట్టించి ఉంటాడు? జనాన్ని పన్నులతో పీల్చినవాడే కదా, ఇంతమందిని పేదల్ని చేసినవాడు వాళ్ళకో ఇల్లు కట్టించడం న్యాయమేనని ఫ్రాన్సు రాజు 11వ లూయీ ఎత్తిపొడిచాడని చెబుతారు. అన్నాడో లేదోగానీ, ఆ మాట ఇన్నేళ్ళు బతికిందంటే జనానికి నచ్చిందన్నమాటే.

లోపల పేదల గది గురించి "చాలా పెద్దది" అన్నావు. యాభై మీటర్ల పొడవు. దాని చివరే ప్రార్థన మందిరం. మంచం మీంచి లేవలేనివాళ్ళకి కూడా పూజ కనబడాలని. పైకప్పు దూలాల చివర్లు రాక్షస చేపల్లాంటి తలల నోళ్ళలోంచి వస్తాయి. మరి నేల చూశావా? పలకల మీద ఒక్క మాట, పక్కన ఒక చుక్క బొమ్మ. "నా ఏకైక తార" అని గిగోన్ గురించి రొలాఁ వేయించింది. ఆవిడ అతనికి మూడో భార్య అన్నది కూడా రాయి, పాఠకుడు నవ్వుకుంటాడు.

వైన్ దగ్గర నువ్వు బాగా టెన్షన్ పడ్డట్టున్నావు. ఇంట్లో చదువుతారని కాబోలు, "వైన్‌కు ప్రసిద్ధి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తాగానని రాయనక్కర్లేదు, రుచి చూసేవాళ్ళు కూడా సగం మంది బకెట్లో ఉమ్మేస్తారు, అదైనా రాయొచ్చు. అసలు సంగతి డబ్బు. దాతలు ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను ప్రతి నవంబరు మూడో ఆదివారం పీపాల లెక్కన వేలం వేస్తారు. 1859 నుంచి ఇది నడుస్తోంది, ఆ డబ్బు ఇప్పటికీ ఆసుపత్రికే. మన గుళ్ళకి మాన్యాలున్నట్టే కదా? ఆ పోలిక పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే ఒక్క వాక్యంలో పెట్టి వదిలేస్తాను.

బర్గండీలో ఒక్కో తోట ముక్కను "క్లిమా" అంటారు. యునెస్కో 2015లో గుర్తించినవి 1,247. ఒక్కోదానికీ ఒక్కో పేరు. మనవాళ్ళు "చింతచెట్టు చేను", "గుడి వెనక మడి" అన్నట్టే. బోన్ పక్కనే "క్లో దె మూష్" ఉంది. మూష్ అంటే ఈగలు. నిజానికి అవి తేనెటీగలు, అక్కడ ఒకప్పుడు తేనెపట్లుండేవి.

ఇక నాకు కోపం తెప్పించింది ఆవపిండి. తెలుగుపిల్లవై ఉండి, "మస్టర్డ్ ఫ్యాక్టరీ కూడా చూశాం" అని దాటేశావా! ఆ ఊళ్ళో 1840 నాటి ఫాలో మిల్లులో ఇప్పటికీ ఆవాలు రాతి తిరగలితో రుబ్బుతారు. రాయి అయితే పిండి వేడెక్కదని. ఆ గోధుమరంగు ఆవాలు మన పోపుడబ్బాలోని ఆవాల జాతే. ఆవకాయ రోజున అమ్మ ఆవపిండి జల్లిస్తుంటే ముక్కుల్లోకి ఎక్కే ఘాటు ఉంటుందే, అది నీకు తెలుసు. ఫ్రెంచివాళ్ళకి తెలిసిందీ అదే. మనం నూనె, ఉప్పు, కారం కలుపుతాం, వాళ్ళు వెనిగర్ కలుపుతారు. రెండు పేజీలు దీని మీద రాయగలిగినదానివి ఒక్క లైనా?

కొలీజియల్ చర్చి, కోట గోడలు తీసెయ్. వాటి గురించి నీకు చెప్పడానికేమీ లేదని చదువుతుంటేనే తెలిసిపోతోంది. ఆ ఆసుపత్రిలోనే ఉన్న, వాన్ డెర్ వైడన్ గీసిన 'చివరి తీర్పు' చిత్రం ఉంచు, కానీ మొత్తం వర్ణించకు. దాని ముందు కదిలే పెద్ద భూతద్దం ఒకటి ఉంటుంది. అది ఎక్కడ ఆగితే అక్కడ రాయి. మిఖాయేల్ దేవదూత తక్కెడలో పాపాల పళ్ళెం కిందకి దిగి ఉంటుంది, నేను మూడోసారి వెళ్ళినప్పుడుగానీ గమనించలేదు.

డిజాన్‌లో నీ హాస్టల్ నుంచి బోన్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. ఈ శనివారం మళ్ళీ వెళ్ళు, ఆ రోజు సంత కూడా ఉంటుంది. ఫోన్ సంచిలో పెట్టుకుని ఆ పెరట్లో ఒక గంట కూర్చో. తిరిగొచ్చి రెండు పేజీలు పంపు. వస్తూ వస్తూ ఒక సీసా ఆవపిండి కొని దాచు, వేసవిలో వచ్చేటప్పుడు నాకు తెద్దువుగాని.

ఉంటాను,
నీ మాస్టారు