డాబా మీద సోలార్ ఉంటే కరెంటు పోయినా పని సాగుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం చేస్తూ, రాజమహేంద్రవరంలోని అత్తగారింటి నుంచే పని చేస్తున్నాను. పగలంతా ఏసీ నడవడంతో వేసవిలో బిల్లు బాగా పెరుగుతోంది. మధ్యాహ్నం కరెంటు పోతే మీటింగులు మధ్యలో ఆగిపోతున్నాయి. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే ఈ రెండు ఇబ్బందులూ తీరుతాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బిల్లు బాధ చాలావరకు తీరుతుంది. కరెంటు కోత బాధ మాత్రం తీరదు. అమ్మేవారిలో చాలామంది అడిగితే తప్ప ఈ సంగతి చెప్పరు.

ఇళ్లపై సాధారణంగా పెట్టే సోలార్ గ్రిడ్‌తో (ఊరికి కరెంటు తెచ్చే లైన్ల వ్యవస్థతో) కలిసి పనిచేసేది కనుక, వీధి లైనులో కరెంటు ఆగిన మరుక్షణమే, ఎండ ఎంత మండిపోతున్నా, పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే దాని ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. మీ డాబా మీది కరెంటు లైనులోకి పారితే, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టిస్తే కోతలోనూ వాడుకోవచ్చు గాని ఖర్చు బాగా పెరుగుతుంది. నిజానికి ల్యాప్‌టాప్, రౌటర్, ఫ్యాను కలిపినా 150 వాట్లు మించవు. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉన్న మామూలు ఇంటి ఇన్వర్టరే వాటిని ఐదారు గంటలు నడుపుతుంది. కోత సమయంలో ఏసీ కూడా కావాలనుకుంటే తప్ప హైబ్రిడ్ జోలికి వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం.

బిల్లు విషయంలో, ఇంటి నుంచి పని చేయడమే మీకు కలిసొస్తుంది. 3 కిలోవాట్ల సోలార్ రోజుకు సగటున 12 యూనిట్ల దాకా ఇస్తుంది. అందులో అధిక భాగాన్ని పగటి ఏసీయే వాడుకుంటుంది, మిగిలింది, వచ్చిన కరెంటునూ పోయిన కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటర్ ద్వారా డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) వెళ్లి మీ ఖాతాలో జమవుతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతి వల్ల ముందుగా తగ్గేవి ఖరీదైన యూనిట్లే. అయితే స్థిర చార్జీలు తప్పవు. దాదాపు 300 చదరపు అడుగుల స్థలం కావాలి, దానిపై నీళ్ల ట్యాంకు నీడ పడకూడదు.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది. నెట్ మీటర్ బిగించి తనిఖీ పూర్తయ్యాకే అది బ్యాంకు ఖాతాకు వస్తుంది కాబట్టి, ముందు పెట్టుబడి మీరే సమకూర్చుకోవాలి. కనెక్షన్ మీ మామగారి పేరిట ఉంటే దరఖాస్తు, బ్యాంకు ఖాతా కూడా ఆయనవే ఇవ్వండి.