పియానో నోట్స్‌లో ఎఫ్ ముందు ఇంటూ గుర్తు ఉంటే ఏ కీ నొక్కాలి?

జి కీ నొక్కండి. షార్ప్ అంటే ఒక కీ కుడికి. ఆ ఇంటూ గుర్తు పేరు డబుల్ షార్ప్, నల్ల కీలతో కలిపి లెక్కపెట్టి ఎఫ్ నుంచి రెండు కీలు కుడికి జరగాలి. కీ సిగ్నేచర్‌లో, అంటే లైన్ మొదట్లో ఉండే గుర్తుల్లో, ఎఫ్‌కి ముందే షార్ప్ ఉన్నా సరే, దానికి ఇది అదనం కాదు. "మరి నేరుగా జి అనే రాయొచ్చుగా" అని కూడా అడిగారు. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

పియానో మొదలుపెట్టిన రెండో ఏడు నాకు జి షార్ప్ మైనర్ అనే స్కేల్‌లో ఒక చిన్న పీస్ ఇచ్చారు. సిగ్నేచర్‌లోనే ఐదు షార్ప్‌లు. మూడో లైన్‌లో ఈ గుర్తు కనిపిస్తే, ఎఫ్ ఎలాగూ షార్పే కదా, గుర్తుచేయడానికి మళ్ళీ పెట్టారేమో అనుకుని వారమంతా ఎఫ్ షార్పే వాయించాను. అక్కడికి వచ్చేసరికి పీస్ చప్పబడిపోయేది, ఎందుకో తెలిసేది కాదు. టీచర్ విని ఏమీ అనలేదు. పెన్సిల్‌తో ఆ నోట్ నుంచి పక్కనున్న జి షార్ప్‌కి చిన్న బాణం గీసి, "ఈ రెండే పదిసార్లు వాయించు" అన్నారు. బొటనవేలు తెల్ల కీ మీద, చూపుడు వేలు దాన్ని ఆనుకున్న నల్ల కీ మీద. మూడోసారికే తెలిసిపోయింది, మొదటిది రెండోదాని మీదికి వాలిపోతోంది, మధ్యలో ఆగితే చెవి ఊరుకోదు.

ఆ స్కేల్‌లో ఏడో మెట్టు అది. ఒక్కో మెట్టుకి ఒక్కో అక్షరం, జి అనే పేరు జి షార్ప్‌కి పోయింది కాబట్టి ఏడో మెట్టుకి ఎఫ్ పేరే మిగిలింది. జి అని రాస్తే రెండు నోట్లూ ఒకే గీత మీద కూర్చుంటాయి, ఒకసారి నేచురల్ (షార్ప్, ఫ్లాట్ లేని మామూలు నోట్), వెంటనే షార్ప్, పైకి ఎక్కుతున్నట్టు కంటికి కనిపించదు. సులువు చేస్తున్నామంటూ వీటన్నిటినీ జి చేసేసే పుస్తకాలంటే నాకు ఒళ్ళు మండుతుంది, కొత్తవాళ్ళకి దారి చూపించే గుర్తునే చెరిపేస్తున్నారు. మసక స్కాన్ కాపీలు ఇంకా ఘోరం, ఇంటూకీ షార్ప్‌కీ తేడానే తెలియదు.

రెండు ఫ్లాట్‌లు పక్కపక్కన ఉన్నా ఇదే లెక్క, ఎడమవైపుకి. బి డబుల్ ఫ్లాట్ అంటే ఎ కీ.

ఒక్కటి మాత్రం చూసుకోండి. అదే బార్‌లో (రెండు నిలువు గీతల మధ్య భాగంలో) తర్వాత ఎఫ్ ముందు ఒంటరి షార్ప్ వస్తే అది మూడో షార్ప్ కాదు, మామూలు ఎఫ్ షార్ప్‌కి తిరిగి రమ్మని. పాత ఎడిషన్లలో అక్కడ నేచురల్, షార్ప్ రెండూ కలిపి ఉంటాయి, అర్థం అదే.