తోట బేరం కుదరకముందే నాన్నగారికి చెప్పండి

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్ చదివాను. చిన్నప్పటి నుంచీ పైలట్ అవ్వాలని కోరిక. 2024 సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందాలు చూసి, తాగి బండి మీద వస్తుంటే చించినాడ వంతెన దాటాక పోలీసులు ఆపారు. వెనక నా ఫ్రెండ్ కూర్చున్నాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని పది వేలు జరిమానా కట్టాను. డబ్బు మావయ్య ఇచ్చారు. అమ్మానాన్నలకు తెలియదు. ఇప్పుడు నాన్నగారు రెండెకరాల కొబ్బరి తోట అమ్మి నన్ను పైలట్ ట్రైనింగ్‌కి పంపుతామంటున్నారు, బేరం నడుస్తోంది. అమెరికాలో సీటు ఇప్పిస్తానన్న ఏజెంటేమో "ఆ కేసు ఎక్కడా రాయకు, ఎవరికీ తెలియదు" అంటున్నాడు. నేను తాగడం మానేశాను, శనివారాలు ఫ్రెండ్స్‌తో మాత్రమే. నా కెరీర్ పోయినట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: పోలేదు బాబూ. ముందు ఆ మాట చెప్పేస్తే మీకు కాస్త ఊపిరి ఆడుతుంది. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 18 ఏళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. డీజీసీఏ (మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు పాసవ్వాలి, 200 గంటలు విమానం నడపాలి, క్లాస్ 1 మెడికల్, అంటే కమర్షియల్ పైలట్లకు చేసే వైద్య పరీక్షలో ఫిట్ అని రావాలి. ఒకసారి జరిమానా పడిన డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు ఉంటే లైసెన్సు ఇవ్వరన్న షరతు వీటిలో లేదు. పాస్‌పోర్టుకైనా కోర్టులో నడుస్తున్న క్రిమినల్ కేసు అడ్డం వస్తుంది గానీ, జరిమానాతో ముగిసిపోయిన ఇలాంటి కేసు కారణంగా ఆపరు.

అలాగని కేసే లేదనుకోకండి. మనవాళ్లలో చాలామంది దీన్ని హెల్మెట్ చలానాలాగే చూస్తారు, డబ్బు కట్టాం, అయిపోయిందంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మీరు మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుని జరిమానా కట్టారంటే కోర్టు మీకు శిక్ష వేసినట్టే లెక్క. "మీకెప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా?" అని ఏ ఫారంలో అడిగినా మీ జవాబు "అవును" అనే ఉండాలి. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ల పాసుకి పోలీసు విచారణ ఉంటుంది. ఎయిర్‌లైన్స్ కూడా ఉద్యోగం ఇచ్చే ముందు పాత విషయాలు ఆరా తీస్తాయి. అందుకే కోర్టులో దరఖాస్తు పెట్టి ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ, జరిమానా కట్టిన రసీదు తెచ్చుకుని దాచుకోండి. అడిగిన రోజున తడబడకుండా చూపించగలగాలి.

ఆ ఏజెంటు మాట మాత్రం దయచేసి వినకండి. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. ఉన్నది రాస్తే మద్యం అలవాటు సంగతి తేల్చుకోవడానికి వాళ్ల డాక్టరు దగ్గరికి పంపవచ్చు, వీసా ఆలస్యం కావచ్చు. దాచారని తేలితే జన్మలో ఆ దేశంలో అడుగు పెట్టకుండా నిషేధం పడే వీలుంది. అక్కడ పైలట్ల మెడికల్ ఫారంలోనూ మద్యం తాగి బండి నడిపిన కేసుల గురించి విడిగా ప్రశ్న ఉంటుంది. లైసెన్సు వచ్చాక అక్కడ అలాంటి కేసు పడితే 60 రోజుల్లోగా అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి తెలపాలి. ఏజెంటుకి కమీషన్ సీటు కుదిరిన రోజే వస్తుంది. ఆ తర్వాత ఏమైనా పోయేది మీ నాన్నగారి తోట.

మీ ఉత్తరంలో నేను పదేపదే చదివిన మాట ఒకటుంది. "మానేశాను, శనివారాలు మాత్రమే." మానేయడం, శనివారాలు తాగడం రెండూ ఒకటి కావని మీకూ తెలుసు. ఇది తప్పుపట్టడానికి అనడం లేదు. మా ఇంట్లోనే ఒక మనిషి ఇలాగే "పండక్కి మాత్రమే" అంటూ మొదలుపెట్టి ఎంత దూరం వెళ్లారో నేను కళ్లారా చూశాను, అందుకే ఈ మాట దాటి వెళ్లలేకపోతున్నాను. రోడ్డు మీద చట్టం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా ఊరుకుంటుంది. పైలట్‌కి ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. ఫ్లైట్‌కి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు, ఊదితే సున్నా చూపించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడొద్దని కూడా డీజీసీఏ నిబంధన పెట్టింది. డ్యూటీ ఎక్కే ముందు ఊదినప్పుడు మొదటిసారి దొరికితే లైసెన్సు మూడు నెలలు సస్పెండ్, రెండోసారైతే మూడేళ్లు, మూడోసారి రద్దు. శనివారం రాత్రి కూర్చున్న మనిషికి ఆదివారం తెల్లవారుజామున ఫ్లైట్ పడితే ఏం చేస్తారు?

ఇప్పటి నుంచి మూడు నెలలు చుక్క కూడా ముట్టకుండా ఉండి చూడండి. ఈలోగా పెళ్లిళ్లు వస్తాయి, జాతరలు వస్తాయి, "ఒక్క పెగ్గే కదరా" అనే ఫ్రెండ్స్ ఎలాగూ ఉంటారు. అవన్నీ దాటగలిగారా, చాలా మంచిది. దాటలేకపోతే కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి వెళ్లండి. అంత దూరం వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు. ట్రైనింగ్ ఫీజు కట్టాక తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలుసుకోవడం మీకే మేలు.

ఇంకో మాట కూడా అనాలి. చించినాడ దాటాక మీ ఊరికి ఎలాంటి రోడ్డు మీద వెళ్లాలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, గట్టుకి అడ్డుగోడ ఉండదు, సంక్రాంతి మంచులో ఎదుటి బండి లైటు కూడా సరిగా ఆనదు. మీ వెనక ఇంకొకరి కొడుకు కూర్చున్నాడు. ఉత్తరం మొత్తంలో ఆ అబ్బాయి ప్రస్తావన ఒక్క వాక్యమే ఉంది. ఆ రాత్రి పోలీసులు ఆపబట్టి ఇద్దరూ ఇంటికి చేరారు. వీలు చూసుకుని అతనికి ఒకసారి క్షమాపణ చెప్పండి.

ఇక తోట సంగతి. అడ్వాన్సు పుచ్చుకోకముందే మెడికల్ చేయించుకోండి. ముందు డీజీసీఏ ఆమోదించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 (తొలి దశ పరీక్ష), తర్వాత క్లాస్ 1. రక్త పరీక్షలు, ఈసీజీ, కంటి చూపు, వినికిడి అన్నీ చూస్తారు. మద్యం అలవాటు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కేసుతో సంబంధం లేకుండా కంటిచూపు దగ్గరో చెవి దగ్గరో ఆగిపోయేవాళ్లు ఉంటారు. ఆ మాట తోట అమ్మేశాక తెలిస్తే ఆ ఇల్లు తట్టుకోలేదు.

అన్నిటికన్నా ముందు నాన్నగారికి చెప్పాలి. మావయ్యగారికి తెలిసి తనకు తెలియలేదన్నదే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది, దానికి సిద్ధపడండి. మావయ్యగారిని పక్కన ఉండమని అడగండి, కానీ చెప్పేది మీరే. అమ్మ కూడా ఉండాలి, ఆవిడకి ఇంకొకరి నోట తెలియకూడదు. పొద్దున్నే, ఆయన పనిలోకి వెళ్లకముందు కూర్చోబెట్టి చుట్టూ తిప్పకుండా మొదలుపెట్టండి: "నాన్నగారూ, రెండేళ్ల కిందట సంక్రాంతికి నేను తాగి బండి నడిపి పోలీసులకు దొరికాను. కోర్టులో జరిమానా కట్టాను. మీ దగ్గర దాచాను, తప్పు నాదే." అక్కడ ఆగండి. అందరూ తాగారనీ, పండగనీ, ఇది చిన్న కేసేననీ అనొద్దు. ఆయన అరుస్తారు, లేదా మాట్లాడకుండా లేచి తోటలోకి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. పైలట్ మాట గానీ, తోట బేరం గానీ ఆ రోజు మీరై మీరు ఎత్తకండి. ఆయనే అడిగిన రోజున కోర్టు కాపీ, మెడికల్ కాగితాలు ముందు పెట్టి, ఏజెంటు ఏమన్నాడో అది కూడా చెప్పండి.