అడవుల సంరక్షణ సంస్థల్లో ఎవరెవరు పనిచేస్తారు?

విజయవాడ, గుంటూరు వైపు వన్యప్రాణుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో జువాలజీ చదవనివాళ్లకి చోటుంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది.

శాస్త్రవేత్తలు ఉంటారు, కానీ నా దృష్టిలో పనికి వెన్నెముక స్థానికులే. కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్, అంటే చేపలు పట్టి తినే అడవి పిల్లి, ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. దాన్ని ఫొటో తీసే కెమెరా ఏ చెట్టుకి, ఎంత ఎత్తున కట్టాలో పడవ నడిపే జాలరిని అడగాల్సిందే. పోటుకి నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో ఆయనకే బాగా తెలుసు. సూర్యలంక తీరంలోనూ అంతే. ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లను ఇసుకలోంచి తీసి హేచరీ (గుడ్లు పొదిగేదాకా కాపాడే చోటు) గుంతలో పెట్టేటప్పుడు గుడ్డును పొర్లించకూడదు, లోపలి పిండం చనిపోవచ్చు. పిల్లలు బయటికొచ్చేదాకా, అంటే సుమారు 45 నుంచి 60 రోజులు, కుక్కలు తవ్వకుండా కాపలా కాయాలి.

ఇక ఆఫీసులో అకౌంటెంట్లు, మ్యాపులు వేసేవాళ్లు, అటవీ శాఖ అనుమతుల కోసం తిరిగేవాళ్లు ఉంటారు. జీతాలు మాత్రం ఎక్కువ ఆశించకండి. ముందు గుంటూరు దగ్గరి ఉప్పలపాడుకి వెళ్లి, చెరువులోని గూడబాతుల్ని (పెలికాన్లని) లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.