ఓటు లేదు, లెక్కలో మాత్రం ఉన్నారు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. హెచ్‌1బీ వీసా కాబట్టి ఓటు లేదు. జనాభా లెక్కలు అయ్యాక సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్టుల (మన వార్డుల్లాంటివి) హద్దులు మార్చడం తప్పనిసరా? ఆ లెక్కలో మేం ఉంటామా?

జవాబు: ఉంటారు, పిల్లలతో సహా. లెక్క నివాసులది, ఓటర్లది కాదు. డిస్ట్రిక్టుల వారీగా కౌన్సిల్‌ను ఎన్నుకునే ఊళ్లు, అన్నిట్లో జనాభా దాదాపు సమానంగా ఉండేలా పదేళ్లకోసారి హద్దులు సరిచూసుకోవాల్సిందే. గడువులోగా కౌన్సిల్ తేల్చకపోతే పని సుపీరియర్ కోర్టుకు (కౌంటీ స్థాయి రాష్ట్ర కోర్టు) పోతుంది.

ఇంత పట్టింపు ఎందుకో టెక్సాస్‌లోని మిడ్‌లాండ్ కౌంటీని చూస్తే తెలుస్తుంది. కౌంటీని నడిపేందుకు నాలుగు డిస్ట్రిక్టులకు నలుగురు కమిషనర్లు. ఒకదాంట్లో 67,906 మంది, మిగతావాటిలో 852, 828, 414. ఇది చెల్లదని, జనాభా సమానంగా ఉండాలన్న నియమం స్థానిక సంస్థలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1968లో తేల్చింది.

ఇక మీ ఊరి లెక్క. 2020లో జనాభా 2,30,504. ఆరు డిస్ట్రిక్టులకు పంచితే తలా 38,417. అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఇందులో 10 శాతం, అంటే సుమారు 3,842 దాటితే నగరం కోర్టులో గట్టి కారణం చూపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఒక్కో డిస్ట్రిక్టుకు పది శాతం అటూ ఇటూ వెసులుబాటు ఉందనుకుంటారు. ఒకటి 7 శాతం ఎక్కువ (41,106), ఇంకొకటి 5 శాతం తక్కువ (36,496) ఉంటే తేడా 12 శాతం, గీత దాటినట్టే.

ప్రశ్న: ఈ హద్దులపై జనం మాట వినే సమావేశానికి (హియరింగ్‌కు) ఓటు లేనివాళ్లు వెళ్లొచ్చా? ఏం చెప్పాలి?

జవాబు: వెళ్లొచ్చు. 2020 లెక్కల తర్వాతి విడతలో రాష్ట్ర చట్టం కనీసం నాలుగు హియరింగులు పెట్టమంది, అందులో ఒకటి ముసాయిదా మ్యాపు గీయకముందే. పోతే దానికి పోండి. మ్యాపు బయటికొచ్చాక మీ వీధిని ఒక డిస్ట్రిక్టులో కలపాలంటే అంతమందిని ఇంకోచోట సర్దాలి. అక్కణ్ణుంచి పక్క డిస్ట్రిక్టు కదులుతుంది.

'ఇక్కడ తెలుగువాళ్లం ఎక్కువ' అని ఊరుకుంటే పని జరగదు. జాతిని ప్రధాన ఆధారంగా చేసుకుని గీసిన మ్యాపు కోర్టులో నిలవడం కష్టం. పార్టీతోనో అభ్యర్థితోనో ఉన్న అనుబంధాన్ని కాలిఫోర్నియా చట్టం అసలు లెక్కలోకే తీసుకోదు. ఉత్తరాన ఏ వీధి, దక్షిణాన ఏ వీధి, మధ్యలో పిల్లలు వెళ్లే బడి ఏది, అందరికీ ఉన్న ఇబ్బంది ఏది (ట్రాఫిక్కో, పార్కో) చెప్పండి. హద్దును పెద్ద రోడ్డు వెంటో రైలు పట్టాల వెంటో చూపండి. జనాభా అంకెలు సెన్సస్ బ్లాకుల (జనాభా లెక్కల్లో అన్నిటికన్నా చిన్న ముక్కల) వారీగానే వస్తాయి. బ్లాకును మధ్యలో కోస్తే ఏ సగంలో ఎంతమందో చెప్పే అంకె ఉండదు.