నీటిబుడగలు సరే, ఈ నీరసం సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 26. కాశీబుగ్గలో ఉంటాం. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాలుగేళ్ల కిందట స్కానింగ్ చేసి అండాశయాల్లో నీటిబుడగలున్నాయి, పీసీఓఎస్ అన్నారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది, వస్తే పది పన్నెండు రోజులు ఆగదు. రెండేళ్లుగా దానికోసం మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, పాత చీటీ చూపించి షాపులో కొంటాం. ఎనిమిది నెలల నుంచి ఒకటే నీరసం. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేవలేకపోతున్నాను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు. డాక్టరు గారికి చెబితే ‘పీసీఓఎస్ కదా, బరువు తగ్గు, పెళ్లయితే సర్దుకుంటుంది’ అన్నారు. అమ్మ బద్ధకం అంటోంది. మా వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, అదేమోనని భయం. ఎవరికి చూపించుకోవాలి?

జవాబు: చీటీ మీద ఒకసారి పీసీఓఎస్ అని రాశాక, ఆ తర్వాత వచ్చే ప్రతి బాధనూ మేం ఆ ఖాతాలోనే వేసేస్తుంటాం. లెక్కలు రాసే మీకు ఈ పొరపాటు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ ‘బరువు తగ్గమ్మా’ అని పంపేసినవాణ్నే. మీది బద్ధకం కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో నీరసం మామూలే, కానీ దానికి వేరే కారణం లేదని తేలాకే ఆ మాట అనాలి.

మీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది పన్నెండు రోజుల రక్తస్రావం మీద. అండం విడుదల కాని నెలల్లో గర్భాశయం లోపలి పొర మందంగా పేరుకుంటుంది. ఒక్కసారిగా ఊడినప్పుడు పోయే రక్తంతో పాటు ఐరన్ కూడా పోతుంది. నెలసరి తక్కువసార్లు వస్తోంది కదా, రక్తం ఎందుకు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కానీ మీ విషయంలో రక్తం తగ్గడమే జరుగుతుండొచ్చు. జుట్టు రాలుతోందా? పచ్చి బియ్యం నమలాలనిపిస్తోందా? రెండోది అడిగితే మన ఆడపిల్లలు సిగ్గుపడి నవ్వేస్తారు గానీ, అది ఐరన్ తగ్గిందనడానికి పాత గుర్తు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత. 12 దాటినా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు, అందుకే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేయండి. ‘నీరసం’ అనే ఒక్క మాట చెబితే మాకు ఏమీ తెలియదు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ వస్తే అది రక్తం తక్కువైన నీరసం కావచ్చు. చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, ముఖం ఉబ్బినట్టుండటం ఉంటే థైరాయిడ్ చూడాలి. రాత్రంతా పడుకున్నా పగలు కుర్చీలోనే నిద్ర ముంచుకొస్తుంటే, మీరు గురక పెడతారేమో పక్కన పడుకునేవాళ్లను అడగండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడే జబ్బు పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఆడవాళ్లకు గురకేమిటని మనం పట్టించుకోం. ఒంట్లో ఓపిక ఉన్నా దేని మీదా మనసు పోకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. పెళ్లి సంబంధాల మాటలు, ముఖం మీద రోమాలు, బరువు గురించి చుట్టాల వ్యాఖ్యలు... ఇంత టెన్షన్‌లో మనసు కుంగకపోతేనే ఆశ్చర్యం. సిగ్గుపడకుండా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మీది ఏ రకమో, ఎప్పుడు ఎక్కువవుతుందో, నెలసరి తేదీలతో సహా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రద్దీ ఓపీలో దొరికే అయిదు నిమిషాల్లో ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

రెండేళ్లుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ వల్ల బి12 తగ్గొచ్చు, దానివల్లా నీరసం, తిమ్మిర్లు వస్తాయి. మందు మంచిదే, మీ అంతట మీరు ఆపేయకండి. కానీ రెండేళ్లు ఎవరూ చూడకుండా పాత చీటీ మీద వాడటం మాత్రం నాకు నచ్చలేదు. బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీ పనితీరు తెలియడానికి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. షుగర్ కోసం పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఇంకోసారి రక్తం ఇవ్వాలి. రెండోది 140 దాటితే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 200కు చేరితే షుగర్ వచ్చినట్టు. ల్యాబుల వాళ్లు ఇన్సులిన్ పరీక్ష కూడా ప్యాకేజీలో కలిపేస్తారు, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. మళ్లీ స్కానింగ్ కూడా ఇప్పుడు అంత అవసరమా అని అడగండి. నీటిబుడగలంటే గడ్డలు కావు, ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. వాటిని లెక్కపెట్టినంత మాత్రాన నీరసం తగ్గదు.

ఇక కిడ్నీ భయం. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానం ప్రాంతపు మనిషికి ఆ భయం రాకుండా ఎలా ఉంటుంది! పీసీఓఎస్ వల్ల ఉద్దానం కిడ్నీ జబ్బు రాదు. అయితే కిడ్నీ దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు, నీరసమే ఉండొచ్చు, అందుకే పైన క్రియాటినిన్ రాశాను. కిడ్నీ పనితీరును బట్టే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా ఉంటుంది. నడుం నొప్పికీ, కడుపు నొప్పికీ షాపులో నొప్పి బిళ్లలు కొని వేసుకునే అలవాటుంటే ఇవాళే మానండి.

మొదట పలాసలోనే ఫిజీషియన్‌ను కలవండి, లేదా శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌కు వెళ్లండి. రక్తస్రావానికి గైనకాలజిస్టు తప్పనిసరి. నెలసరి మూడు నెలలు దాటనివ్వకుండా ప్రొజెస్టరాన్ బిళ్లలో, హార్మోన్ పిల్సో ఇస్తారు. పార్శ్వనొప్పి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టినా ఆ పిల్స్ రాసే ముందే చెప్పండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్ పరీక్షలు నాలుగేళ్ల కిందట చేయకుండానే పీసీఓఎస్ అని రాసి ఉంటే, విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఒకసారి చూపించుకోవచ్చు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఇవేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

బరువు సంగతి మీ డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. నాలుగైదు కిలోలు తగ్గినా నెలసరి సర్దుకోవచ్చు. కానీ రక్తం లేని మనిషిని జిమ్‌కు పంపితే నాలుగో రోజు మంచమెక్కుతుంది. ముందు లోపం సరిచేసి, అన్నం తిన్నాక పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. పొద్దున చోడి (రాగి) అంబలి, వారంలో రెండు మూడుసార్లు ఉలవచారు, ఆకుకూర మీద నిమ్మరసం. ఐరన్ బిళ్ల రాస్తే టీతో వేసుకోవద్దు, మధ్య గంటైనా ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ సరయ్యాక కూడా మూడు నెలలు కొనసాగించాలి. ఒంట్లో తేడా తెలియడానికే కొన్ని వారాలు పడుతుంది, వారానికే మానేయకండి.

వెళ్లేటప్పుడు అమ్మను వెంటబెట్టుకెళ్లండి. రిపోర్టులో అంకె డాక్టరు నోట వింటే బద్ధకం మాట మళ్లీ రాదు. ఆవిడ హిమోగ్లోబిన్ చూపించుకుని ఎన్నేళ్లయిందో కూడా అడగండి, పనిలో పనిగా ఆవిడకూ చేయించేయొచ్చు.