ఈత రాకపోయినా కయాక్ ఎక్కొచ్చా?

రెండు సంచికల కిందట మా ఆరుగురు స్నేహితురాళ్లం కయాక్‌ల మీద (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) గోదావరిలో లంక దాకా వెళ్లొచ్చిన సంగతి రాశాను. అప్పటినుంచి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. అన్నిటికీ జవాబివ్వడానికి చోటు చాలదు. ఒకే సందేహం చాలామంది అడిగినచోట ఒకరి ఉత్తరం తీసుకున్నాను.

*ప్రశ్న: మేం ఏడుగురం కాలేజీ స్నేహితురాళ్లం. సంక్రాంతి వెళ్లాక వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ అని ప్లాన్ వేశారు. నాకు ఈత రాదు. చిన్నప్పటినుంచి నీళ్లంటే భయం. ఆ మాటంటే "లైఫ్ జాకెట్ ఉంటుందిగా, ఏం కాదులే" అని నవ్వేస్తున్నారు. మానేస్తే నేనొక్కదాన్నే మిగిలిపోతానని బాధగా ఉంది. వెళ్లొచ్చా? – ఒక టీచర్, ఖమ్మం*

వెళ్లొచ్చమ్మా. కదలని నీళ్లలో, ఒంటికి సరిపోయే జాకెట్‌తో, పక్కన తెలిసినవాళ్లు ఉంటే ఈత రానివాళ్లు కూడా కయాక్ నడపొచ్చు. కానీ మీ స్నేహితురాళ్లు అన్న "ఏం కాదులే" అనే మాట నాకు నచ్చలేదు.

నేను మొదటిసారి కయాక్ ఎక్కేనాటికి నాకు నలభై మూడేళ్లు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినా ఈత రాదు. మా ఇంట్లో మగపిల్లలకి రేవులో నేర్పారు, ఆడపిల్లలం మెట్ల మీద కూర్చుని వాళ్ల బట్టలకి కాపలా కాశాం. ఆ రోజు మేం వెళ్లింది ఒక చెరువుకి. అక్కడివాళ్లు ఇచ్చిన జాకెట్ నాకు బాగా పెద్దది. బకిల్స్ పెట్టుకున్నాను. పట్టీలు లాగి బిగించుకోవాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు. ఒడ్డుకి ఇరవై అడుగుల దూరంలో, వెనకనుంచి ఎవరో పిలిస్తే గబుక్కున తిరిగాను. పడవ బోర్లాపడింది. జాకెట్ తేలింది, నేను తేల్లేదు. దాని మెడ నా చెవుల పైకి వచ్చేసి మూతికి అడ్డంపడింది, ముక్కులోకి నీళ్లు పోయాయి. కాళ్లు బురదకి తగిలాక తెలిసింది, అక్కడ లోతు నడుం దాకానేనని. ఆ నాలుగు క్షణాల భయం ఇప్పటికీ గుర్తుంది. అందుకే మీ భయాన్ని నేను చిన్నది చెయ్యను.

జాకెట్ వేసుకున్నాక బకిల్స్ పెట్టి, ముందు నడుం దగ్గర పట్టీ, తర్వాత పైది బిగించండి. అప్పుడు ఒక స్నేహితురాలిని మీ వెనక నిలబడి, భుజాల దగ్గర రెండు చేతులతో జాకెట్‌ని గట్టిగా పైకి లాగమనండి. అది మీ గడ్డం దాటి పైకి వచ్చిందంటే వదులని అర్థం. ఇంకా బిగించండి. అయినా వస్తే వేరేది అడగండి. బకిల్ విరిగినదానికి తాడు ముడేసి ఇస్తారు కొన్నిచోట్ల, అది తీసుకోవద్దు. వెనకాల క్యూలో ఎంతమంది ఉన్నా సరే, మొహమాటం పడొద్దు.

తర్వాతది ఇంకా ముఖ్యం. కయాక్ ఎక్కేముందే ఒకసారి నీళ్లలో పడండి. నిర్వాహకులకి చెప్పి, నడుంలోతు ఉన్నచోట, ఇద్దరు పక్కన నిలబడగా, జాకెట్‌తో వెల్లకిలా వాలండి. జాకెట్ మిమ్మల్ని ఎత్తిపడుతుంది. తల వెనక్కి వదిలేస్తే మొహం పైకే ఉంటుంది. నిలబడదామని కాళ్లు కొట్టుకున్నప్పుడే నీళ్లు మింగుతాం. ఇది మూడుసార్లు చేస్తే చాలు, మీ ఒంటికి నమ్మకం కుదురుతుంది. నాకు ఒక ఆదివారం పొద్దున్నంతా పట్టింది.

కయాక్‌లో రెండు రకాలు. పైన పీటలా కూర్చునేది ఒకటి, కాళ్లు లోపలికి పెట్టి కూర్చునేది ఇంకొకటి. మీరు మొదటిదే అడగండి. బోర్లాపడినా దానిలో ఇరుక్కోరు, పక్కకి పడిపోతారంతే. ఇద్దరు కూర్చునేదైతే మీరు ముందు సీట్లో కూర్చోండి. తిప్పడం, ఆపడం వెనకవాళ్ల పని, ముందువాళ్లు తెడ్డు ఒకే లయలో వేస్తే చాలు. తెడ్డుని భుజాలకన్నా కొంచెం ఎడంగా, వదులుగా పట్టుకోండి. భయపడితే పిడికిలి బిగుసుకుంటుంది, అరగంటలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయి బొబ్బ వస్తుంది. చేతుల బలంతో లాగకుండా నడుంనుంచి తిరగండి. చల్ల చిలికేటప్పుడు ఒళ్లు ఎలా ఊగుతుందో దాదాపు అలాగే.

ఇక నవ్వే స్నేహితురాళ్ల సంగతి. ఒడ్డున నిలబడి చెబితే ఎవరికీ ఎక్కదు. బయల్దేరడానికి వారం ముందే గ్రూపులో రాయండి: "నాకు ఈత రాదు, భయం ఉంది. నాతో ఒకే కయాక్‌లో ఎవరు కూర్చుంటారు? ఒడ్డుకి దగ్గరగానే ఉండాలి, వెనక్కి వెళ్దాం అంటే తిరగాలి." మిగతా ఆరుగురిలో ఒక్కరైనా "నేనుంటా" అంటారు. ఎవరూ అనకపోతే ఆ గుంపుతో గుడికో సినిమాకో వెళ్లండి గానీ నీళ్లమీదికి మాత్రం వద్దు. మా గుంపులో ఒకావిడ రెండు ట్రిప్పులు ఒడ్డునే చాప వేసుకుని కూర్చుంది. మూడోసారి తనే లేచి జాకెట్ అడిగింది. ఆ రెండుసార్లూ ఎవరం ఆమెని ఒక్క మాట అనలేదు.

కోట్‌పల్లిలో కొన్నిసార్లు బోటింగ్ ఆపేస్తుంటారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున్నే చేరండి. ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది, ఎదురుగాలికి తెడ్డు వెయ్యడం కొత్తవాళ్ల వల్ల కాదు. ఈలోపు ఈత క్లాసులో కూడా చేరండి. సంక్రాంతికి ఇంకా టైముంది.

*ప్రశ్న: అక్కా, నలుగురం కలిసి గాలి నింపే కయాక్ ఆన్‌లైన్‌లో కొన్నాం. మా ఊరి చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకుతుంది. దాని మీదినుంచి కిందికి దిగి వాగులో రెండు కిలోమీటర్లు పోదామనుకుంటున్నాం. లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి? – డిగ్రీ విద్యార్థి, జగిత్యాల జిల్లా*

తమ్ముడూ, ఆ పని చెయ్యొద్దు. దానికి జాగ్రత్తలంటూ లేవు.

మత్తడి మీదినుంచి పడిన నీళ్లు నేరుగా ముందుకి వెళ్లిపోతాయనుకుంటాం. అలా వెళ్లవు. కింద అడుగుకి తగిలి పైకి లేచి, పైభాగంలో మళ్లీ గోడవైపే వెనక్కి వస్తాయి. తేలే వస్తువేదైనా ఆ తిరుగుడులో పడితే గోడ దగ్గరికి లాక్కుపోయి, కిందికి తొక్కి, పైకి తెచ్చి, మళ్లీ లాగుతుంది. అక్కడి నురగలో సగం గాలే ఉంటుంది కాబట్టి జాకెట్ కూడా మామూలుగా తేల్చలేదు. ఎంత ఈతగాడికైనా అందులోంచి బయటపడటం కష్టం. నా మాట నమ్మకపోతే మత్తడి దూకుతున్న రోజు గట్టున దూరంగా నిలబడి, ఎండు తాటికాయ ఒకటి పైనుంచి కొట్టుకొచ్చేలా విసిరి చూడు. ఎంతసేపు అక్కడక్కడే మునుగుతూ తేలుతూ ఉంటుందో లెక్కపెట్టు. పైగా చెరువువైపు నుంచి కయాక్‌లో వచ్చేవాడికి మత్తడి కనిపించదు, నీళ్లు ఒక గీతలా సాఫీగా కనిపిస్తాయి. గీత దగ్గరికి వచ్చాక తిరగడానికి టైముండదు.

వాగుల్లో, నదుల్లో ఇంకో ప్రమాదం పైనుంచి వదిలే నీళ్లు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండీ జిల్లా థలౌట్ దగ్గర, బియాస్ నదిలో రాళ్లమీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. వాళ్లు దిగినప్పుడు నది ప్రశాంతంగానే ఉంది. ఆ వీడియో టీవీలో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ ఉత్తరం చదవగానే ఆ పిల్లలే గుర్తొచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి కొన్న కయాక్ ఏం చెయ్యాలి? కార్తీకం వచ్చేదాకా ఆగండి. మత్తడి ఆగిపోయి, చెరువు నిండుగా, నిలకడగా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం చేపలు పట్టేవాళ్లని కలిసి వలలు ఎక్కడ కట్టారో, మోడులు ఎక్కడున్నాయో అడగండి. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) నల్లతుమ్మలుంటే నీళ్ల కింద వాటి ముళ్లు కనబడవు, గాలి కయాక్‌కి ఒక్క ముల్లు చాలు. వేర్వేరు గదులుగా గాలి నింపే రకం అయితేనే లోపలికి తీసుకెళ్లండి. ఒక గది పోయినా మిగతావి తేలుస్తాయి. గాలి కయాక్ తేలిక కాబట్టి ఈదురుగాలికి ఎండుటాకులా పోతుంది, మబ్బు పట్టిన రోజు దింపొద్దు. మత్తడికి దూరంగా, చెరువు రెండో కొసనుంచి దిగండి. వీలైతే మొదటిరోజు మత్స్యకారుల్లో ఒకరిని పుట్టిలో వెంట రమ్మనండి, ఆయన కూలి ఆయనకివ్వండి. ఆ చెరువు గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

*ప్రశ్న: ఫోన్, కళ్లజోడు తీసుకెళ్లొచ్చా? – గృహిణి, తణుకు*

కళ్లజోడుకి వెనకనుంచి తాడు కట్టుకోండి. ఫోన్లు గుంపుకి రెండు చాలు. నీళ్లు దూరని డ్రై బ్యాగ్‌లో పెట్టి, బ్యాగ్‌ని పడవకి కట్టెయ్యండి. జిప్ కవర్లని నమ్మొద్దు. మెడలో ఒక విజిల్ వేసుకోండి, నీళ్లమీద అరుపుకన్నా అదే దూరం వినపడుతుంది. గొలుసులు, గాజులు ఇంట్లోనే పెట్టి రండి.

*ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. క్లాస్‌మేట్స్‌తో, అబ్బాయిలు కూడా ఉన్నారు, రుషికొండ బీచ్‌లో కయాకింగ్‌కి వెళ్తానంటోంది. వద్దంటే అలిగింది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, అనకాపల్లి*

అయ్యా, మీ టెన్షన్ సముద్రం గురించా, అబ్బాయిల గురించా? రెండూ కలిపి ఆలోచిస్తే అమ్మాయికి ఏదీ వినపడదు. అబ్బాయిల విషయంలో మీ పెంపకాన్ని మీరే నమ్మాలి. నేను సముద్రం గురించే చెప్పగలను.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అది శుభ్రతకి, లైఫ్‌గార్డుల వంటి ఏర్పాట్లకి ఇచ్చేది. ఆ రోజు అలలు ఎలా ఉంటాయో అది చెప్పదు. అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఈ నాలుగూ అడగండి: నిర్వాహకుడి మనిషి మీతోపాటు నీళ్లలోకి వస్తాడా? అవసరమైతే రావడానికి మోటారు బోటు ఉందా? లైఫ్‌గార్డు వద్దంటే వెనక్కి వచ్చేస్తారా? గాలి ఎటు వీస్తోందో చూశారా? చివరిది చాలామందికి తట్టదు. తెల్లవారుజామున గాలి నేలమీదినుంచి సముద్రంవైపు వీస్తుంది. నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, వెళ్లేటప్పుడు ఏ కష్టమూ తెలీదు, తిరిగి వచ్చేటప్పుడే చేతులు పడిపోతాయి. పడవ బోర్లాపడితే దాన్ని వదిలి ఒడ్డుకి ఈదొద్దని, పడవనే పట్టుకుని ఉండాలని ఒట్టు వేయించుకోండి. తలకన్నా పడవే దూరానికి కనిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం వార్త ఉన్న వారమైతే మాత్రం అలిగినా సరే ఆపండి. మామూలు రోజైతే పంపించండి. వీలైతే మీరూ వెళ్లి ఒడ్డున టీ తాగుతూ కూర్చోండి, కాస్త దూరంగా.

*ప్రశ్న: ఎనిమిది మందిమి కేరళలో కయాకింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. క్రితంసారి ఇద్దరు ముందుకెళ్లిపోయి, మిగతావాళ్లు వెనకబడి, గొడవపడి మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం. ఎక్కడికెళ్తే బాగుంటుంది? – ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు*

మన్రో దీవికి వెళ్లండి. కొల్లం జిల్లాలో, కల్లడ నది అష్టముడి సరస్సులో కలిసేచోట ఉంటుంది. సన్నటి కాలువలు, ఇళ్ల వాకిళ్ల ముందునుంచే పోతాయి. వంతెనలు ఎంత కిందికుంటాయంటే, నీళ్లు పోటుమీదున్నప్పుడు పడవలో వెల్లకిలా పడుకుని దాటాలి. ముక్కుకి జానెడు దూరంలో కాంక్రీటు, దానిమీద నాచు, ఒక సాలెగూడు. అంత దగ్గరగా చూశాను నేను. గుంటూరు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా కొల్లం వెళ్తుంది. తెల్లవారకముందే బయల్దేరే ట్రిప్ తీసుకోండి, సూర్యోదయం సరస్సులో చూడొచ్చు.

మీకు ఆ ఊరు ఎందుకు చెప్పానంటే, ఆ కాలువల్లో పక్కపక్కన వెళ్లడం కుదరదు, వరసగానే వెళ్లాలి. మా గుంపులో నిదానంగా నడిపే ఆవిడ ముందుంటుంది, అందరికన్నా బలమైనావిడ చివర. ముందున్నావిడ ఆగితే అందరం ఆగుతాం. మొదట్లో చివరున్నావిడకి చిరాకేసేది. ఒక రోజు మధ్యలో ఒకావిడకి చెయ్యి పట్టేస్తే, వెనకనుంచి వచ్చి, తాడు వేసి ఒడ్డుదాకా లాక్కొచ్చింది తనే. ఆ తర్వాత ఆ చోటు ఎవరికీ ఇవ్వనంటుంది. మీ ఇద్దరు వేగస్తుల్ని చివర పెట్టండి. వాళ్ల దగ్గర తాడు, విజిల్, మందుల డబ్బా ఉంచండి. బరువు బాధ్యత ఇస్తే పరిగెత్తాలనిపించదు.

భోజనం మాత్రం ముందే ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా చెప్పి పెట్టుకోండి. మూడు గంటలు తెడ్డు వేసి ఒడ్డెక్కాక కరిమీన్ చేప వేపుడు కోసం గంట ఎదురు చూడాల్సి వస్తే మళ్లీ గొడవలు అక్కడే మొదలవుతాయి.